నా వాటా సీసా

"అత్తయ్యా, మీకు అభ్యంతరం లేకపోతే మీ పేరు మీద ఒక సీసా తీసుకెళ్దామనుకుంటున్నాను" అన్నాడు మా అల్లుడు.

హ్యూస్టన్‌లో అమ్మాయి వాళ్ళ వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. మూడు రోజుల్లో మా ఓడ ప్రయాణం. అల్లుడి చూపు నా మీద లేదు, ఫ్రిజ్ తలుపు మీద ఉంది.

"ఏం సీసా బాబూ?"

"వైన్ అత్తయ్యా. మనిషికి ఒకటే సీసా రానిస్తారట. మీకూ మావయ్యగారికీ కలిపి ఇంకో రెండు అవుతాయని..."

ఆ మాట అనడానికి అతనికి పదేళ్ళు పట్టింది. మేం అమెరికా వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో సీసాలు పడకగది అలమరలో సూట్‌కేసుల వెనక్కి వెళ్ళిపోతాయి. కార్క్‌స్క్రూ మాత్రం ప్రతిసారీ గరిటెల సొరుగులో మర్చిపోతారు. నాకు తెలియదని వాళ్ళ నమ్మకం, తెలిసినట్టు కనబడకూడదని నా జాగ్రత్త. ఇలా రెండు వైపులా మర్యాదగా గడిచిపోతున్న కాపురంలోకి ఓడ కంపెనీ నియమం ఒకటి వచ్చి కూర్చుంది.

అల్లుడి భయం నా గురించి కాదు, మావారి గురించి. ఆయన ఎక్సైజ్ శాఖలో కానిస్టేబుల్‌గా చేరి సబ్‌ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టినప్పటి నుంచి, 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసేదాకా, ఆయన డ్యూటీ యానాం పొలిమేరలో. చుట్టూ గోదావరి జిల్లా, మధ్యలో పుదుచ్చేరికి చెందిన ఆ చిన్న ఊరు. ఇటు నిషేధం, అటు బ్రాందీ షాపులు. కొబ్బరి బోండాల గోనెల్లో సీసాలు, సైకిల్ ట్యూబుల్లో సారా. ఆ రెండేళ్ళూ ఆయన ఇంటికి వచ్చి చొక్కా విప్పితే గుమ్మం దాకా వాసన. చుక్క మాత్రం నాలుక మీద పడనివ్వని మనిషి.

సంగతి ఆయన చెవిన వేశాను. కోపం వస్తుందనుకుంటే, కళ్ళజోడు పెట్టుకుని అల్లుడి ఫోన్ అడిగి తీసుకున్నారు. "ముందు రూల్ చూడనియ్యండి" అన్నారు.

గంటసేపు చదివి మా అందరికీ వివరించారు. 21 ఏళ్ళు నిండిన ప్రతి ప్రయాణికుడూ 750 మిల్లీలీటర్ల వైన్ గానీ షాంపేన్ గానీ ఒక్క సీసా తెచ్చుకోవచ్చు. అదీ ఓడెక్కే మొదటి రోజు మాత్రమే. సీలు విప్పి ఉండకూడదు. పెద్ద సూట్‌కేసులో పెట్టి పంపకూడదు, చేతి సంచీలోనే ఉండాలి. బీరు, విస్కీ, రమ్ము ఏవీ పనికిరావు. తెచ్చుకున్న వైన్ గదిలో తాగితే పైసా అక్కర్లేదు. భోజనశాలకి తెస్తే మూత తీసినందుకు సీసాకి 15 డాలర్లు. దాన్ని కార్కేజీ అంటారు.

"సీసా మనది, మూత తీసినందుకు వాడికి డబ్బులా?" అన్నాను.

"గ్లాసులు వాడివి, కడిగేదీ వాడే. ఇదొక సుంకం అనుకో" అన్నారు మావారు. నియమం ఏదైనా సరే, రాసి ఉంటే ఆయనకి గౌరవమే. "ఈ రూల్ రాసినవాడు తెలివైనవాడోయ్. సూట్‌కేసులో వద్దు, చేత్తో పట్టుకు రా అన్నాడు చూడు. దాచుకునేవాడు సూట్‌కేసులో పెడతాడు. చూపించేవాడు చేత్తో తెస్తాడు. సగం తనిఖీ అక్కడే అయిపోయింది."

అల్లుడు ఊపిరి పీల్చుకున్నాడు. నలుగురు పెద్దవాళ్ళం, నాలుగు సీసాలు. ఏడేళ్ళ మనవడికి వాటా లేదు. "నాది ఏది?" అని వాడు అడిగితే, ఇంకో పద్నాలుగేళ్ళు ఆగమన్నారు తాతగారు.

నా వాటా సీసాని నేత చీరలో చుట్టి చేతి సంచీలో పెట్టుకున్నాను. పక్కనే అర కిలో ఆవకాయ సీసా. రాజమండ్రి నుంచి మోసుకొచ్చింది. ఓడలో పెట్టేది ఎంత గొప్ప తిండైనా నాలుగు పూటలు దాటితే నాలుక అల్లాడుతుందని నా అనుభవం.

హ్యూస్టన్ నుంచి గాల్వెస్టన్ రేవు 50 మైళ్ళు. వంతెన దాటి దీవిలోకి దిగితే గాలి మన కాకినాడ గాలిలాగే ఉప్పగా, జిడ్డుగా తగిలింది. 1900 సెప్టెంబరులో వచ్చిన తుఫాను ఈ ఊళ్ళో వేల మందిని పొట్టనపెట్టుకుంది. ఆ తర్వాత కట్టిన సముద్రపు గోడ వెంబడే ఇప్పుడు హోటళ్ళు, సైకిళ్ళు, ఐస్‌క్రీమ్ బళ్ళు. తుఫానుల కోస్తా నుంచి వెళ్ళినదాన్ని కదా, ఆ గోడని చూస్తే ఊరి చరిత్ర ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

రేవులో మా ఓడ పదిహేను అంతస్తుల అపార్టుమెంటులా నిలబడి ఉంది. లోపలికి వెళ్ళే దారిలో ఎక్స్‌రే యంత్రాలు. లైన్లో మా ముందున్న కుర్రాళ్ళు ముగ్గురు మరీ మర్యాదగా, మరీ నిశ్శబ్దంగా ఉన్నారు. మావారు నా చెవిలో "వాళ్ళ దగ్గర ఉంది" అన్నారు. ఎలా తెలిసిందంటే, "యానాం బస్సు దిగేవాళ్ళు కూడా సంచీ వైపు చూసేవాళ్ళు కాదు" అన్నారు. నిజమే. ఒకడి సంచీలోంచి నోరు పుక్కిలించే మందు సీసా తీశారు, పెద్దది. అధికారిణి మూత తిప్పి వాసన చూసి పక్కన పెట్టేసింది. వోడ్కాలో పచ్చరంగు కలిపి అలా తెస్తారని అల్లుడు చెప్పాడు. సన్‌స్క్రీన్ ట్యూబుల్లా కనిపించే తిత్తులు కూడా కొనుక్కోవడానికి దొరుకుతాయట. ఈ దొంగాటల వల్లే 2015 జులై నుంచి మా ఓడ నడిపే కార్నివాల్ కంపెనీ మంచినీళ్ళ సీసాల్ని కూడా రానివ్వడం మానేసింది. నీళ్ళూ కూల్‌డ్రింకులూ అయితే డబ్బాల్లోనో అట్టపెట్టెల్లోనో తెచ్చుకోవాలి, అదీ మనిషికి పన్నెండు. కొందరు నీళ్ళ సీసాలో జిన్ను పోసినందుకు అందరి నీళ్ళ సీసాలూ పోయాయి.

నా సంచీ యంత్రంలోకి వెళ్ళి ఆగిపోయింది. తెరమీద రెండు సీసాలు పక్కపక్కనే కనబడుతున్నాయి, ఒకటి పొడవు, ఒకటి పొట్టి. అధికారిణి సంచీ తెరవమంది. అరవై మూడేళ్ళ వయసులో, బొట్టు పెట్టుకుని, కాటన్ చీర కట్టుకుని, నలుగురి ముందూ వైన్ సీసా బయటికి తీయడం ఎలా ఉంటుందో చెప్పలేను. చెవులు వేడెక్కాయి. ఆమె సీలు చూసింది, ఎంత పడుతుందో చూసింది, నవ్వి నా చేతికిచ్చేసింది. ఆ తర్వాత ఆవకాయ సీసా ఎత్తి వెలుగులో పెట్టింది.

"ఇదేమిటి?"

అమ్మాయి చెప్పింది. ఇంట్లో పెట్టిందా, కొన్నదా? ఇంట్లో పెట్టిందే. అయితే కుదరదట. ఫ్యాక్టరీలో సీలు వేసిన చిప్స్ పొట్లాలూ బిస్కెట్లూ అయితే తీసుకెళ్ళొచ్చు. ఇంటి వంట ఏదీ ఓడెక్కకూడదు. లోపల ఏం కలిసిందో ఎవరికి తెలుసు? కొన్ని వేల మంది ఒకే కప్పు కింద తినే చోట ఒకరి కడుపు చెడితే అందరికీ ముప్పు. కారణం న్యాయమైనదే. కానీ మా అమ్మ చేతి కొలతలతో, ఆవపిండి సొంతంగా దంచుకుని కలిపిన ఊరగాయ నా కళ్ళముందే పెద్ద నీలం డబ్బాలోకి ధబ్బున పడింది.

మావారు అంతసేపూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. లోపలికి నడుస్తూ అన్నారు: "యానాం దగ్గర మేం ఆవకాయ వదిలేసి సీసా పట్టుకునేవాళ్ళం. ఇక్కడ తిరగబడింది."

ఆ సాయంత్రం ఓడ కదిలింది. మొదటి రాత్రి ఎంత తిన్నా రుచి తగల్లేదు. మర్నాడు పొద్దున్నుంచీ చుట్టూ నీళ్ళే. పైడెక్కు మీద కుర్చీల్లో కూర్చుని మావారు తన పరిశోధన కొనసాగించారు. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. నార్వీజియన్ వాళ్ళు ఎన్ని వైన్ సీసాలైనా తెచ్చుకోమంటారు, కాకపోతే ప్రతి సీసాకీ ఎక్కేటప్పుడే కార్కేజీ కట్టాలి. డిస్నీ వాళ్ళు పెద్దవాళ్ళకి రెండు వైన్ సీసాలో ఆరు బీర్లో, ఆగిన ప్రతి రేవులోనూ రానిస్తారు. ఎమ్మెస్సీ వాళ్ళు అసలు బయటి సీసానే ముట్టుకోనివ్వరు. ఇవన్నీ ఏటా మారుతుంటాయట. నిరుటి నియమం నమ్ముకుని ఎక్కినవాడు ఈ ఏడాది బయటే వదిలేసి ఎక్కాల్సి రావచ్చు.

"ఒక్క సీసాకి ఇంత రాద్ధాంతం ఎందుకండీ?" అన్నాను.

"మల్టీప్లెక్సులో పాప్‌కార్న్ ఎందుకో ఇదీ అందుకే" అన్నారు.

పెద్ద క్రూయిజ్ కంపెనీల వార్షిక లెక్కలు చూస్తే, రాబడిలో దాదాపు మూడో వంతు టికెట్ల మీద కాక, జనం ఓడెక్కాక పెట్టే ఖర్చు మీద వస్తుంది. మద్యం, జూదం, దుకాణాలు, ఊరు చూపించే యాత్రలు. టికెట్టు అంత చవగ్గా ఇవ్వగలిగేది అందుకే. ఓడలో ఒక గ్లాసు వైన్ ధరకి బయట మామూలు సీసా ఒకటి వచ్చేస్తుంది. పైగా దాని మీద సేవా రుసుము. అందరూ విస్కీ సీసాలు పట్టుకొస్తే బార్లు ఈగలు తోలుకోవాలి. రోజంతా ఎంతైనా తాగొచ్చనే ప్యాకేజీలు కూడా ఉన్నాయి. కాకపోతే చాలా కంపెనీల్లో ఒక గదిలో ఒకరు కొంటే ఆ గదిలో పెద్దవాళ్ళంతా కొనాలి. ఒక గ్లాసుని ఇద్దరు పంచుకుంటారేమోనని ముందు జాగ్రత్త.

మరి వైన్ ఒక్కదానికి మినహాయింపు ఎందుకు? నాకు తోచింది ఇది. విస్కీ తెచ్చుకునేవాడు డబ్బు మిగుల్చుకోవడానికి తెచ్చుకుంటాడు. వైన్ సీసా తెచ్చుకునేవాడికి దాని వెనక ఒక తేదీ ఉంటుంది. పెళ్ళిరోజో, పుట్టినరోజో, ఎవరో ఇచ్చిన కానుకో. దాన్ని కూడా లాక్కుంటే ప్రయాణికుడు అలుగుతాడు. మనవైపు చుట్టాలింటికి చేతులూపుకుంటూ వెళ్ళడం తప్పు, రెండు అరటిపళ్ళైనా పట్టుకెళ్ళాలి. ఓడ మాత్రం చేతులూపుకుంటూ రమ్మంటుంది. ఆ రెండు అరటిపళ్ళకి వదిలిన చోటే ఈ ఒక్క సీసా.

మధ్యాహ్నం మావారికి ఇంకో సంగతి దొరికింది. అది చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. 1920 నుంచి 1933 దాకా అమెరికాలోనే మద్యనిషేధం ఉండేది కదా. అప్పట్లో ఐరోపా ఓడలు న్యూయార్క్ వచ్చేటప్పుడు వాటిలో మద్యం ఉండొచ్చా అన్న గొడవ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1923లో తీర్పు వచ్చింది. అమెరికా జలాల్లోకి వస్తే పరాయి ఓడలో సీలు వేసిన సీసా కూడా నేరమే. అదే అమెరికా ఓడైనా సరే, నడిసముద్రంలో ఉన్నంతసేపూ నిషేధం వర్తించదు. ఏడాది తిరక్కుండా బ్రిటన్‌తో ఒప్పందం కుదిరి, సీలు వేసి ఉంచితే చాలన్నారు. "చూశావా, నీళ్ళ మీద గీసిన గీత" అన్నారు మావారు. "యానాం దగ్గర మాకూ అంతే. ఒక పొలం గట్టు. గట్టుకి అటు పౌరుడు, ఇటు ముద్దాయి."

మూడో రోజు కొజుమెల్. మెక్సికోకి చెందిన ఈ దీవికి ఓడ రావడంలోనూ ఒక చట్టం ఉంది. పరాయి జెండా ఎగరేసే ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్ళని, మధ్యలో పరాయి దేశం ఏదీ తాకకుండా, తిరిగి అమెరికా రేవులో దింపడానికి వీల్లేదని 1886 నాటి శాసనం. సముద్రం నీలానికి అక్కడ నాలుగు రకాలున్నాయి. ఒడ్డున పాలు కలిపినట్టు, లోపలికి వెళ్ళేకొద్దీ నేరేడు రంగు. ఒకప్పుడు మాయా జాతి స్త్రీలు ఇష్‌చెల్ దేవత మొక్కు తీర్చుకోవడానికి పడవల్లో ఈ దీవికి వచ్చేవారట, సంతానం కోసం. శాన్ హెర్వాసియో శిథిలాల దగ్గర సున్నపురాతి మెట్ల మీద ఉడుములు ఎండ కాగుతున్నాయి. మనవడు ఒక్కోదాన్నీ లెక్కపెట్టాడు.

ఊళ్ళో ఒక దుకాణంలో ష్టబెంటున్ అనే పానీయం అమ్ముతున్నారు. సోంపు, తేనె. ఆ పేరుగల తీగ పూలు తాగిన తేనెటీగల తేనెతో చేస్తారట. మూత దగ్గర ముక్కు పెడితే అచ్చం భోజనం తర్వాత నమిలే సోంపు వాసన. అమ్మాయి ఒక చిన్న సీసా కొంది. తిరిగి ఓడెక్కుతుంటే గుమ్మంలోనే దాన్ని తీసుకుని, చీటీ కట్టి, రసీదు ఇచ్చారు. మధ్య రేవుల్లో కొన్నది ఏదైనా ఓడవాళ్ళ దగ్గరే ఉంటుంది. ఆఖరి రోజు గదికి పంపిస్తారు, ఇంటికెళ్ళి తాగమని. "స్వాధీనం చేసుకుని రసీదు ఇవ్వడం! మేం ఇలా ఇచ్చి ఉంటే మాకూ మంచిపేరు వచ్చేది" అన్నారు మావారు.

నాలుగో రాత్రి పెళ్ళిరోజు. అమ్మాయికి పెళ్ళై పదేళ్ళు. అప్పటికి నాలుగు సీసాలూ అలాగే ఉన్నాయి. మా ముందు తాగడానికి ఇద్దరికీ మొహమాటం. సరేనని నా వాటా సీసా నేనే పట్టుకుని భోజనశాలకి బయల్దేరాను. వడ్డించే అబ్బాయి గోవావాడు. సీసా చూసి, చిన్న చీటీ మీద 15 డాలర్లు రాసి అల్లుడి సంతకం తీసుకున్నాడు. టప్పుమని బిరడా తీశాడు. బల్ల దగ్గర పెద్దాయన ఎవరా అని చూసి, మావారి గ్లాసులో రెండు చెంచాల పాటి పోసి, పక్కన నిలబడ్డాడు. రుచి చూసి బాగుందంటేనే మిగతావాళ్ళకి పోస్తారట, ఆచారం.

బల్ల అంతా నిశ్శబ్దం. అల్లుడు నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మావారు గ్లాసు ఎత్తి వాసన చూశారు. అది ఆయనకి కొత్త కాదు, ముప్పై ఏళ్ళు చేసిన పనే. ఆ తర్వాత చేయనిది చేశారు. పెదవికి తాకించారు.

"నేరేడు పండు వగరు ఉంది" అన్నారు. కాసేపాగి, "నేను ముప్పై ఏళ్ళు పట్టుకున్నది దీన్నేనా?" అన్నారు. గ్లాసు కింద పెట్టేసి, అందరికీ పొయ్యమని ఆ అబ్బాయికి తలూపారు.

అల్లుడికి మాట వచ్చింది. ఆ సీసా ఫ్రెడరిక్స్‌బర్గ్‌ది. 1846లో జర్మన్లు వచ్చి కట్టుకున్న టెక్సాస్ ఊరు, ఇప్పుడు చుట్టూ ద్రాక్షతోటలు. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ వెళ్ళింది అక్కడికేనట. టెక్సాస్‌లో ద్రాక్షేమిటని నేనడిగితే ఇంకో కథ చెప్పాడు. పందొమ్మిదో శతాబ్దంలో వేరుపురుగు పట్టి ఫ్రాన్స్ ద్రాక్షతోటలన్నీ ఎండిపోతుంటే, డెనిసన్ ఊళ్ళో ఉండే మన్సన్ అనే శాస్త్రవేత్త ఆ పురుగుని తట్టుకునే టెక్సాస్ అడవి ద్రాక్ష వేళ్ళని చూపించాడు. వాటి మీద ఫ్రెంచి కొమ్మలు అంటుగట్టి తోటల్ని బతికించుకున్నారు. 1888లో ఫ్రాన్స్ ఆయనకి గౌరవ పతకం ఇచ్చింది. మన నాసిక్ వైపు తోటల్లో వాడే డాగ్‌రిడ్జ్ వేరు కూడా టెక్సాస్‌దేనట. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు విరగకాసిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష గుర్తొచ్చింది నాకు. ఆ తోటలున్న చోట ఇప్పుడు విల్లాలు.

నేను తాగలేదు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. వాళ్ళిద్దరూ మా ఎదురుగా, దాచుకోకుండా, చెరో గ్లాసు తాగారు. అంతే జరిగింది. కానీ అల్లుడు ఆ రాత్రి మావారితో యానాం కథలు రెండు గంటలు చెప్పించుకున్నాడు. పదేళ్ళలో వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను చూడలేదు.

గదికి వచ్చేసరికి ష్టబెంటున్ సీసా మంచం పక్కన చీటీతో సహా ఉంది. తెల్లవారి గాల్వెస్టన్‌లో దిగాం. 21 నిండినవాళ్ళు మనిషికి లీటరు దాకా తెచ్చుకుంటే దేశం సుంకం అడగదు. టెక్సాస్ రాష్ట్రం అడుగుతుంది. బయటికి వచ్చే దారిలో రాష్ట్ర మద్యం శాఖవాళ్ళ బల్ల ఒకటి. అల్లుడు ఆ చిన్న సీసాకి కొద్ది డాలర్లు కట్టి రసీదు తెచ్చుకున్నాడు. మావారు ఆ బల్ల దగ్గర కాసేపు నిలబడిపోయారు, పాత ఆఫీసుకి వెళ్ళిన మనిషిలా.

ఇంటికి వచ్చాక అమ్మాయి సూట్‌కేసులు విప్పుతోంది. తాగకుండా మిగిలిన సీసాలని అల్లుడు అలవాటు కొద్దీ పడకగది వైపు తీసుకెళ్ళబోయి ఆగాడు. వెనక్కి వచ్చి వంటింటి అరలో, నా పెద్ద ఆవకాయ జాడీ పక్కన పెట్టాడు.

భోజనాలయ్యాక మావారు చిన్న కాగితం ఒకటి నా ముందు పెట్టారు, పాత పంచనామా పద్ధతిలో. స్వాధీనం: ఇంటి ఆవకాయ, అర కిలో, ఒకటి. విడుదల: ద్రాక్షసారా, 750 మిల్లీలీటర్లు, నాలుగు. కింద సాక్షి అని రాసి గీత గీశారు.

"చదివి సంతకం పెట్టు" అన్నారు.

అర కిలోని ముప్పావు అని దిద్ది పెట్టాను.